మంజీర మూర్ఛపోయిన రోజు

మొన్న శనివారం నేనొక హత్య చేయబోయాను. అదీ ఏడాది క్రితమే చనిపోయిన మనిషిని! ఆయుధం కీబోర్డు మీది ఎంటర్ బటన్. సాక్షి మా సునీత. కావాలంటే అడగండి, ఇప్పటికీ నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె లేచి వచ్చి వెనకాల నిలబడుతోంది.

నవ్వకండి. ముందు వినండి. టీ చల్లారితే మళ్లీ పెడతాను.

నిజామాబాద్ వినాయక్ నగర్‌లో మా మహిళా సంఘానికి మేడ మీద రెండు గదుల ఆఫీసు ఉంది కదా. ముందు గదిలో పత్రిక పని నడుస్తుంది. వెనక గదిలో ఇనప బీరువా పక్కన ఒక నల్ల డబ్బా ఉంటుంది. బోధన్ చుట్టుపక్కల బీడీలు చుట్టే ఆడవాళ్ల గొంతులన్నీ అందులోనే ఉన్నాయి. వాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తుంటే, ఎదురుగా మైకు పట్టుకుని కూర్చుని నేను రికార్డు చేసి తెచ్చిన గొంతులు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక మగవాళ్లు చౌరస్తాలో కూర్చుని ధర్నాల గురించి మాట్లాడుకుంటుంటే, ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూసిన చేతులు వాళ్లవి. ఆ కథ ఎవరూ రాయలేదని నేను రికార్డు చేశాను.

ఆ డబ్బాను అమర్చింది ఫర్హీన్. మన బోధన్ రోడ్డు పిల్లే. హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది. సెలవు రోజుల్లో మా సంఘం పని కూడా చేసిపెడుతుంది. "సరళక్కా, ఈ ఒక్క డబ్బాల రెండు కంప్యూటర్లు పెడుతున్న. అవి నిజం కంప్యూటర్లు కావు, వర్చువల్ మెషిన్లు. పనంత చేస్తయి, ఒళ్లు మాత్రం ఉండది" అంది.

"ఒళ్లు లేకుండా రాత్రింబవళ్లు చాకిరీ చేసేవా! ఈ సంగతి మొగోళ్లకు తెలిస్తే పెళ్లి చేసుకునుడు మానేస్తరే" అన్నాను.

రెండింటికీ పేర్లు పెట్టాం. పత్రిక పని చేసేది గోదావరి. గొంతులు దాచేది మంజీర. కందకుర్తిలో కలిసే నదులు మా బీరువా పక్కన కూడా కలిశాయని నేను మురిసిపోయాను. రెండింటి సామానూ ఒకే గోదాంలో ఉంటుందని, దాన్ని వాల్యూమ్ అంటారని ఫర్హీన్ చెప్పింది. నేను తల ఊపాను. అర్థమైనప్పుడూ కానప్పుడూ నేను ఒకే రకంగా తల ఊపుతానని ఆ పిల్లకు అప్పటికి తెలియదు.

ఇక గంగామణి సంగతి. బోధన్‌లో బట్టలు కుడుతుంది. వాళ్లమ్మ సాయవ్వ జీవితమంతా బీడీలు చుట్టి, చివరికి దగ్గుతో పోయింది. పోయిన వారం గంగామణి ఫోన్ చేసింది.

"అక్కా, ఆదివారం మా అవ్వ యాడాది. సుట్టాలందరు వస్తరు. అవ్వ మాట ఒక్కపారి ఇనిపిద్దామనుకుంటున్న. మీ దగ్గర ఉన్నది గదా?"

"ఉండకేం!"

"ఫోటో అంటె ఆధార్ కార్డు మీదిదొక్కటే ఉన్నదక్కా. అండ్ల మా అవ్వ దొంగ లెక్క కనవడ్తది. మాటలేమో ఫోను పాడైనప్పుడే పోయినయి. ఇగ మీ దగ్గర ఉన్నదే ఉన్నది."

"మా దగ్గర భద్రం గంగామణీ. ఎక్కడికి పోతది? శనివారం పొద్దుగూకక ముందు రా. పెన్‌డ్రైవ్‌ల ఏసిస్త."

ఆ రోజే కాపీ చేసి పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకోవచ్చు. కానీ నాకు తీరిక లేదు. వ్యాసం రాస్తున్నాను. శ్రామిక స్త్రీల జ్ఞాపకాలను భద్రపరచడం మనందరి తక్షణ కర్తవ్యమని.

శనివారం పొద్దున ఆఫీసు తెరిచి, మంజీరను లేపాను. లేచింది. గొంతుల పేర్లన్నీ వరసగా కనిపించాయి. సాయవ్వ పేరు మీద నొక్కాను. బాణం గుర్తు గిర్రున తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. తర్వాత తెరంతా నల్లబడి, దాని మీద తెల్లటి అక్షరాలు చీమల్లా పైకి పాకడం మొదలుపెట్టాయి.

"ఇదేందక్కా, ఇన్‌పుట్ ఔట్‌పుట్ ఎర్రర్ అంటున్నది?" అంది సునీత. మా పత్రిక పేజీలు పెట్టేది ఆమే. ప్రూఫులో అరసున్న తేడా వచ్చినా ఊరుకోదు, అందుకే ప్రతి అక్షరమూ చదువుతుంది.

మంజీరను ఆపి మళ్లీ లేపాను. రెండడుగులు వేసి మూర్ఛ వచ్చినట్టు పడిపోయింది. ఇంకోసారి లేపాను. ఈసారి పడిపోయే ముందు ఒక వాక్యం వదిలింది. సునీత దాన్ని చదివి, నా మొహం చూసి, మెల్లగా తెలుగులో చెప్పింది.

"లోపల సామాను చెడిపోయి ఉండొచ్చు అంటున్నదక్కా."

కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాను. అదృష్టం కొద్దీ ఉంది.

సరిగ్గా అప్పుడు కింది వాటాలో ఉండే ఓనర్ సార్ ట్యాంకులో నీళ్లు చూడటానికి పైకి వచ్చారు. రిటైర్డ్ లెక్చరర్. ఆడవాళ్లు కంగారుపడే వాసన ఆయనకు ఎంత దూరం నుంచైనా తగులుతుంది.

"ఏమైందమ్మా? పరేషాన్‌ల ఉన్నరు?"

"ఏం లేదు సార్. కంప్యూటర్."

"బంద్ చేసి మళ్ల చాలు చెయ్యిండ్రి. మా ఇంట్ల టీవీ గట్లనే బాగైతది."

"సార్, ఇది టీవీ కాదు. సర్వర్."

"అన్నిట్ల ఉండేది కరెంటే గదమ్మా!"

మగవాళ్ల అజ్ఞానానికి కూడా ఎంత ఆత్మవిశ్వాసం ఉంటుందో అనే విషయం మీద నేను ఆయనకు నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఆగాను. తలుపు వేసి, డబ్బాను బంద్ చేసి మళ్లీ చాలు చేశాను.

అప్పటిదాకా మంజీర ఒక్కటే పడిపోయింది. ఇప్పుడు గోదావరి కూడా లేవలేదు.

"అక్కా, పత్రిక!" అని సునీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వచ్చే సంచిక మొత్తం గోదావరిలో ఉంది. పత్రిక మళ్లీ తయారు చేసుకోవచ్చు. నా వ్యాసం మళ్లీ రాసుకోవచ్చు, రాయకపోయినా లోకం ఓర్చుకుంటుంది. సాయవ్వను మళ్లీ ఎక్కడ కూర్చోబెట్టి మాట్లాడించను?

ఫర్హీన్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. చిన్నాన్న కూతురి పెళ్లికి నవీపేట్ పోయిందని అప్పుడు గుర్తొచ్చింది.

భయంలో ఉన్న మనిషి చేయకూడని పని ఒకటుంది. ఇంటర్నెట్‌లో వెతకడం. తలనొప్పి అని కొడితే మెదడులో గడ్డ దాకా తీసుకుపోతుంది కదా, ఇదీ అంతే. 'డబ్బాను వెంటనే ఆపండి' అని ఒకడు. 'ఆపితే మళ్లీ లేవదు' అని ఇంకొకడు. 'మా పన్నెండేళ్ల ఫోటోలు ఇలాగే పోయాయి' అని మూడోవాడు ఏడుపు బొమ్మ పెట్టాడు. నేనూ ఏడుపు బొమ్మలాగే ఉన్నాను. సునీత పోయి తలుపు గడియ పెట్టి వచ్చింది. ఎందుకని అడిగితే, "ఏమో అక్కా, భయమైతున్నది" అంది. దొంగలు లోపల పడ్డాక గడియ పెట్టినట్టుంది.

చివరికి ఒక ఇంగ్లిష్ సైట్‌లో ఎవరో మహానుభావుడు నాలాంటి కేసుకే మందు రాసి పెట్టాడు. ఒకే ఒక్క లైను. అది కొడితే వాల్యూమ్‌ను మొత్తం వెతికి, చెడిపోయిన చోటల్లా రిపేరు చేస్తుందట. మధ్యమధ్యలో 'ఇది తీసేయమంటారా, అది తీసేయమంటారా' అని అడుగుతుందట. విసుగు లేకుండా అన్నిటికీ ముందే 'ఎస్' అని చెప్పేసే ఏర్పాటు కూడా ఆ లైనులోనే ఉందట!

చూశారా, ఆడది 'నో' అంటే 'నో' అని పాతికేళ్లుగా స్టేజీలెక్కి చెప్తున్న నేను, ఏం అడుగుతారో తెలియకుండానే అన్నిటికీ 'ఎస్' చెప్పడానికి తయారయ్యాను. ఆ లైను ఒక్కో అక్షరం చూసి కొట్టాను. సునీత అచ్చుతప్పులు దిద్దింది.

"కరెక్టే అక్కా. కానీ ఇది ఏం తీసేస్తదో మనకెట్ల తెలుస్తది?"

"చెడిపోయినయే తీసేస్తది."

"సాయవ్వనే చెడిపోయిందనుకుంటే?"

నా వేలు ఎంటర్ బటన్ మీద ఉంది. ఇంకాస్త బరువు పడితే పని అయిపోయేది. ఫోన్ మోగింది.

అవతల బ్యాండు మోత. దాని మీదుగా ఫర్హీన్ అరుపు. "అక్కా! ఇన్ని మిస్‌డ్ కాల్స్! ఎవరన్న పోయిండ్రా?"

"పోలేదు. అంటే, పోయింది. సాయవ్వ. పోయినేడు పోయింది. ఇయాల మళ్ల పోతున్నది!"

"ఏం మాట్లాడుతున్నవక్కా?"

చెప్పాను. ఎంటర్ మీద వేలు పెట్టుకునే ఉన్నానని, స్పీకర్‌లో, వివరంగా చెప్పాను. తర్వాత ఫర్హీన్ గొంతు వచ్చింది, చాలా మెల్లగా. మెట్ల మీద పసిపిల్ల నిలబడి ఉంటే ఎలా పిలుస్తామో అలా.

"సరళక్కా. నా మాట ఇను. రెండు చేతులు పైకెత్తు. ఏదీ ముట్టకు."

ఎత్తాను. నిజంగానే ఎత్తాను. సునీత తన చేతులు కూడా ఎత్తింది, ఆమెను ఎవరూ అడగలేదు. ఇద్దరం పోలీసులకు దొరికిన వాళ్లలా డబ్బా ముందు కూర్చున్నాం.

"నడుస్తున్న బస్సు కిందికి దూరి టైరు ఇప్పుతరా అక్కా ఎవరన్నా? వాల్యూమ్ వాడకంల ఉండంగ ఆ రిపేరు చేస్తే, బాగున్నది కూడ ముక్కలైతుండె. కసం! ముందు రోగమేందో చూడాలె గదా. ఆ లైను తుడిచెయ్యి."

తుడిచేశాను. ఒక్కో అక్షరం తుడుస్తుంటే, ఒక్కో మనిషిని ఉరికంబం నుంచి దించినట్టుంది.

ఫర్హీన్ పెళ్లికూతురి గదిలోకి దూరి తలుపేసుకుంది. అక్కడినుంచి మాకు డాక్టరు అయింది.

"ముందు చెప్పు. ఒక్క మంజీరనే పడిపోయిందా, గోదావరి కూడనా?"

"రెండూ."

"ఒక్కటి పడితే దాని లోపటిదే ఏదో చెడిందనుకోవచ్చు. రెండూ పడినయంటే వాటి కింద ఉన్న జాగలనే ఏదో అయింది. వాల్యూమ్ మీదనే అనుమానం." వెనకనుంచి పెళ్లికూతురు ఏదో అడిగింది. "ఏం లేదు, వీళ్ల నదులు పడిపోయినయి" అని ఫర్హీన్ ఆమెకు చెప్పింది.

"డబ్బా ముందు రెండు లైట్లు ఉంటయి చూడు. ఏం రంగు?"

"పచ్చగున్నయి" అంది సునీత.

"చెవి పెట్టి ఇను. టిక్కుటిక్కు అంటున్నదా?"

సునీత డబ్బాకు చెవి ఆనించింది. "లేదు. గుయ్యి అంటున్నది, ఎప్పట్లెక్కనే."

"మంచిది. ఇప్పుడు డిస్కులనే అడుగుదాం, ఒంట్ల ఎట్లున్నదని." ఆమె చెప్పిన మాట కొట్టాను. ఈసారి సునీత నా చెయ్యి పట్టుకుని, చెప్పినదానికన్నా ఒక్క అక్షరం కూడా ఎక్కువ కొట్టకుండా చూసింది. రెండు డిస్కులూ 'పాస్' అన్నాయి. పదో తరగతి రిజల్ట్ చూసినప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

"మరి ఎందుకు పడిపోతున్నయే?"

"అదే నాకు సమజైతలేదు. లాగ్ తెరువుండ్రి. అంటే డైరీ లెక్క, ఏమైందో అదే రాసుకుంటది. ఫోటోలు తీసి పంపుండ్రి."

సునీత ఫోటోలు తీసి పంపింది. నవీపేట్ సిగ్నల్‌కు ఒక్కో ఫోటో ఎక్కే లోపు ఒక్కో పాట అయిపోతోంది. ఎర్రర్, ఎర్రర్, ఎర్రర్. అన్నీ ఒకేలా ఉన్నాయి. నాకు కళ్లు తిరిగాయి. సునీత మాత్రం చూపుడు వేలు తెర మీద ఆనించి, ప్రూఫు చదివినట్టే చదువుకుంటూ పోయింది. ఫర్హీన్‌కు ఫోటో చేరడం, సునీత వేలు ఆగడం ఒకేసారి జరిగినట్టుంది. ఇద్దరూ ఒకేసారి "ఆగు" అన్నారు.

"జాగ లేదు అంటున్నది" అంది సునీత.

"అవునక్కా, జాగ లేదు!" అంది ఫర్హీన్. "వాల్యూమ్ చెడిపోలేదు, నిండిపోయింది. నిండిపోతే కొత్తగ ఒక్క అక్షరం రాసుకోనీకి వీలుండది. మంజీర లేవంగనే రాసుకోవాలని చూస్తది, జాగ దొరకది, మూర్ఛపోతది. గంతే! కానీ అంత పెద్ద వాల్యూమ్, నేను సగం కూడ నింపలే. ఎట్ల నిండింది? అక్కా, జర స్నాప్‌షాట్ల లిస్టు తెరుస్తవా?"

నేను తెరవలేదు.

ఎందుకంటే నాకు అప్పుడే అర్థమైంది.

స్నాప్‌షాట్ అంటే ఏమిటో చెప్తాను. కంప్యూటర్ ఇప్పుడెలా ఉందో అలా ఒక గుర్తు పెట్టుకోవడం. తర్వాత ఏదైనా చెడితే ఆ గుర్తు దగ్గరికి వెనక్కి పోవచ్చు. "ఏదన్న మార్చే ముందు ఒకటి తీసుకో అక్కా, పనైనంక తీసెయ్యి" అని ఫర్హీన్ నేర్పించింది. మొదటి సగం నాకు బాగా నచ్చింది. పొద్దున రాగానే ఒకటి తీసేదాన్ని. పోయేటప్పుడు ఒకటి. మబ్బు పడితే ఒకటి. కరెంటు పోయి వస్తే ఒకటి. మా పక్కింటామె సంధ్యవేళ దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే, భయం లోంచే భక్తి పుడుతుందని ఆమెకు ఉపన్యాసం ఇచ్చి, లోపలికి వచ్చి ఇంకో స్నాప్‌షాట్ తీసేదాన్ని.

సునీతే లిస్టు తెరిచింది. ఫోన్‌లో పైకి చదివింది కూడా, నేను సైగ చేస్తున్నా.

"ఎందుకైనా మంచిది. ఎందుకైనా మంచిది కొత్తది. భయం. భయం రెండు. మబ్బు పట్టింది. మళ్లీ మబ్బు పట్టింది. ఫర్హీన్‌కు చెప్పొద్దు..."

నవీపేట్‌లో పెళ్లికూతురు పకపకా నవ్వింది. మేకప్ పాడైపోతుందని ఎవరో ఆమెను తిట్టారు.

"అక్కా," అంది ఫర్హీన్, "ఇన్ని తీసినవు. బ్యాకప్ ఒక్కటన్న తీసినవా? వేరే డిస్కుల?"

"ఇవన్నీ బ్యాకప్‌లే కదా!"

"ఇవన్ని అదే డబ్బాల ఉన్నయక్కా! డబ్బా కాలిపోతే ఇవి కూడ కాలిపోతుండె." ఆ మాట విన్నాక ఇన్నాళ్లూ నేను ఎంత ప్రశాంతంగా నిద్రపోయానో తలుచుకుని నాకు కొత్తగా భయం వేసింది. "సరే, ఫికర్ చెయ్యకు. ఇవన్ని తీసేద్దాం. తీసేస్తే జాగ అయితది."

అక్కడ ఇంకో గొడవ వచ్చింది. తీసేయడానికి వీల్లేదు! సంఘం నియమాల్లో ఒకటుంది. భాండాగారంలోని ఏ వస్తువునైనా కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానిస్తే తప్ప చెరపరాదు. చరిత్ర ఆడవాళ్ల మాటలను చెరిపేసిన తీరు గురించి ఆవేశంగా మాట్లాడి, ఆ నియమం రాయించింది ఎవరో చెప్పనక్కర్లేదు.

"అర్జెంటు కదా, ఇప్పుడు తీసేసి తర్వాత చెప్దాం" అన్నాను.

"నువ్వే గదక్కా అప్పుడు అన్నవు, అర్జెంటు అన్న మాటతోనే అన్ని నియంతృత్వాలు మొదలైతయని" అంది సునీత. నా వాక్యాలను నాకు అప్పజెప్పే వాళ్లతో పనిచేయడం అంత నరకం ఇంకోటి లేదు.

గ్రూప్ కాల్ పెట్టాం. కార్యవర్గంలో మేమిద్దరం కాక ఇంకో ఇద్దరున్నారు. వేల్పూర్ నుంచి రాజమణి, కంఠేశ్వర్ నుంచి విమల టీచర్. రాజమణి పసుపు ఉడకబెట్టే కాడ ఉంది.

"స్నాప్‌షాటంటె ఏంది, ఫోటోనా? ఎవలి ఫోటో తీసేస్తరు?" అంది రాజమణి.

"ఫోటో కాదు రాజమణీ. కంప్యూటర్‌కు గుర్తు."

"గుర్తులు ఎందుకు తీసేసుడు? ఉండనియ్యిండ్రి పాపం."

"ఉంటే సాయవ్వ లేవదు!"

"సాయవ్వ పోయింది గదనే!"

విమల టీచర్‌కు తీర్మానం రాతపూర్వకంగా కావాలి. చెరిపే వాటిలో ఏ స్త్రీ మాటలైనా ఉన్నాయా అని అడిగారు. "భయం రెండు" అనే దాన్ని సంఘం ఆస్తిగా పరిగణించాలా, నా వ్యక్తిగత సమస్యగా పరిగణించాలా అని కూడా అడిగారు. నేను గొంతు పెంచాను. "చర్చ చాలు! సాయవ్వ కోసం ఇవి మొత్తం డిలీట్ చేద్దామా వద్దా, ఒక్క మాట చెప్పండి!"

"చేసెయ్యిండ్రి, నా పసుపు మాడుతున్నది" అంది రాజమణి.

వెనక చప్పుడైంది. ఎవరో తలుపు తడుతున్నారు. సునీత పోయి పొద్దున పెట్టిన గడియ తీసింది. గుమ్మంలో గంగామణి నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మాకోసం తెచ్చిన జామకాయలు. అప్పుడే వచ్చిందో, ఎంతసేపటి నుంచి బయట నిలబడి వింటోందో తెలియదు.

"మా అవ్వను తీసేస్తున్నరా అక్కా?"

నేను మాట్లాడే వృత్తిలో ఉన్నాను. అయినా చేతిలోని ఫోన్‌ను వెనక దాచుకున్నాను.

"కాదు గంగామణీ, కూర్చో. టీ తాగుతవా?" అంది సునీత.

"టీ ఎందుకు? మొత్తం డిలీట్ అన్నరు. ఇన్న." గంగామణి కూర్చోలేదు. "బద్రమన్నరు గదా అక్కా. మీ దగ్గర బద్రమంటెనే నేను ఇంక ఏడ దాసిపెట్టలే. రేపు సుట్టాలకు ఏం చెప్పాలె? మా పెదనాయిన అననే అన్నడు, గా పేపరోళ్లు మాటలు పట్టుకపోతరు గని మళ్ల తెచ్చియ్యరని."

అబద్ధం చెప్పాలనిపించింది. వైర్ లూజు అనో, రేపు పంపిస్తాననో. ఆ పిల్ల మొహం చూశాక నోరు రాలేదు. అంతా చెప్పాను. మంజీర పడిపోవడం, నా వేలు, నా స్నాప్‌షాట్లు, 'భయం రెండు' కూడా. "మీ అవ్వ మాట లోపలనే ఉన్నదని ఫర్హీన్ అంటున్నది. కానీ తెరిచి వినేదాకా నేను గ్యారంటీ ఇవ్వలేను" అన్నాను.

గంగామణి నల్ల డబ్బా ముందు చాప మీద కూర్చుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చుంటారే, అలా.

"కానియ్యిండ్రి మరి" అంది.

ఫోన్‌లోంచి విమల టీచర్ కూడా సరేనన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

అయినా భయం తీరలేదు. స్నాప్‌షాట్‌ను తీసేయడానికి కూడా లోపల కాస్త జాగ ఉండాలట. లేకపోతే మధ్యలో ఆగిపోతే నిజంగానే చెడిపోవచ్చట! ఫర్హీన్ ముందు తను ఎప్పుడో వదిలేసిన పాత ఇన్‌స్టాలర్ ఫైళ్లు తీసేయించింది. తర్వాత అన్నిటికన్నా పాత స్నాప్‌షాట్ ఒక్కటి. తెర మీద ఒక నీలం గీత పుట్టింది. మెల్లగా ముందుకు జరగసాగింది.

"అది చివరిదాకా పోయేవరకు ఏదీ ముట్టద్దు. కరెంటు పోవద్దు" అంది ఫర్హీన్.

కరెంటు పోవద్దు అని మన నిజామాబాద్‌లో పైకి అనొచ్చా! ఫ్యాను కాస్త మెల్లగా తిరిగినా ముగ్గురి కళ్లూ పైకి పోయాయి. ఓనర్ సార్ కింద మోటరు వేశారు, లైటు ఒకసారి మిణుకుమంది. నేను మెట్ల మీదికి ఉరికి, "సార్! మోటరు బంద్ చెయ్యండి సార్! మీ కాళ్లు మొక్కుత!" అని అరిచాను. నా రచనా జీవితంలో ఒక పురుషుడి కాళ్లు మొక్కుతానన్నది అదే మొదటిసారి. ఆయన బంద్ చేశారు. "టీవీ బాగైందా అమ్మా?" అని కూడా అడిగారు.

గీత సగంలో ఆగింది. గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జామకాయల వాసన గదంతా నిండింది, ఎవరూ ముట్టలేదు. ఎంతసేపు ఆగిందో తెలియదు కానీ, ఆ కాసేపట్లో సాయవ్వ లేని రేపటి ఇల్లంతా నాకు కనిపించింది. చుట్టాలు, విస్తళ్లు, ఆధార్ కార్డు మీది దొంగ మొహం, మధ్యలో ఖాళీ చేతులతో ఈ పిల్ల. గీత జరిగింది. మళ్లీ జరిగింది. చివరిదాకా పోయింది. రెండోది తీసేశాం, మూడోది తీసేశాం. 'భయం' పోయింది. 'భయం రెండు' పోయింది. నా భయం మాత్రం అలాగే ఉంది.

"ఇప్పుడు మంజీరను లేపు అక్కా. లేవంగనే ఏం తెరవకు. ముందు ఏమన్న దెబ్బ తగిలిందా అని చూడు. చూసుడే, బాగుచేసుడు వద్దు."

చూశాం. ఎక్కడా దెబ్బ లేదంది. నేను నమ్మలేదు. సాయవ్వ పేరు మీద బాణం పెట్టాను. నొక్కలేకపోయాను. గంగామణి చాప మీదినుంచి లేచి వచ్చి, నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది.

స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"ఇంటి పనికీ, వేతనం వచ్చే పనికీ మధ్య ఉన్న గీతను చెరిపేసిన ఈ బీడీ పరిశ్రమలో, స్త్రీ శరీరం మీద పెట్టుబడి అదుపు ఏ రూపంలో ఉందనుకుంటున్నారు మీరు?"

నా గొంతు.

తర్వాత కూడా నా గొంతే. ప్రశ్న అర్థం కాలేదేమోనని నేనే వివరించాను. వివరణకు ఉదాహరణ ఇచ్చాను. ఉదాహరణకు ఇంకో దేశం నుంచి పోలిక తెచ్చాను. నేపథ్యంలో కత్తెర చప్పుడు, కిర్రు కిర్రు కిర్రు, ఆకు తెగుతున్న చప్పుడు.

"గది మా అవ్వ కత్తెరనే" అంది గంగామణి మెల్లగా. స్పీకర్‌కు చెవి ఆనించింది. "అవ్వ ఎప్పుడు మాట్లాడ్తదక్కా?"

"ఇప్పుడే. ఇగో, ఇప్పుడే" అన్నాను. రికార్డులో నేను నాలుగో అంశంలోకి ప్రవేశించాను. సునీత నేల చూస్తోంది. ఫోన్‌లో ఫర్హీన్ దగ్గింది. నేను ముందుకు జరిపాను. నా గొంతు. ఇంకా ముందుకు జరిపాను. నా గొంతు. చెడిపోయినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది, ఒట్టు!

అప్పుడు కత్తెర ఆగింది.

"ఓ గంగా! ఈ అక్కకు జెర నీళ్లు తేవే బిడ్డా. పాపం, గొంతెండుతున్నా ఆగుతలేదు."

"తెస్తున్ననే అవ్వా" అని లోపలినుంచి ఒక ఆడపిల్ల గొంతు.

స్పీకర్ పక్కన నిలబడ్డ గంగామణి ఉలిక్కిపడింది. అది ఆమె గొంతే.

రికార్డులో నేను నీళ్లు తాగాను. నేను నీళ్లు తాగినంతసేపు సాయవ్వ మాట్లాడింది.

"సూడు, సగం గిలాసనే తెచ్చింది. నింపి తేవే అంటె, మోసేటప్పుడు ఒలుకుతయంటది. గింత తెలివి నాకుంటె, కంపినోడు తక్కువ ఆకిచ్చి గన్నే బీడీలు తెమ్మంటె నోరు మూసుకొని తెద్దునా? గన్ని కావు, ఇచ్చిన ఆకుకు ఎన్నొస్తె గన్నే అందును. దీనికి మాత్రం నేను ఆకు ముట్టనియ్య. అంటుకుంటె ఇడువది గీ వాసన."

గంగామణి నవ్వుతోంది. కళ్లు తుడుచుకోకుండానే నవ్వుతోంది. "ఇప్పటికి సగమే తెస్త అక్కా" అంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. పెట్టుబడి గురించి నేను గంటసేపు మాట్లాడినా చెప్పలేకపోయినదాన్ని, ఆ మనిషి నేను గుక్క తిప్పుకునే లోపల చెప్పేసింది.

"అక్కా, ఒక్క మాట," అంది గంగామణి జంకుతూ, "మా అవ్వ మాట్లాడిన కాడికే ఏసిస్తవా? సుట్టాలకు తెల్వది గదా, నీ గొంతును అవ్వ గొంతనుకుంటరు."

సునీత కత్తిరించి పెన్‌డ్రైవ్‌లో వేసింది. వేలికొన అంత ఫైలు. గంగామణి దాన్ని జాకెట్లో పెట్టుకుని, జామకాయలు మా బల్ల మీద పెట్టి, బస్సుకు పోయింది.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఫోన్ ఇంకా కలిసే ఉందని మరిచిపోయాను.

"సరళక్కా," అంది ఫర్హీన్, నవ్వు ఆపుకుంటూ. "మిగిలిన రికార్డులన్ని కూడ గిట్లనే ఉన్నయా?"

నేనొక జామకాయ అందుకుని కొరికాను. జవాబు సునీత చెప్పింది. "ఉన్నయి."

"అట్లయితే పాపం ఆ స్నాప్‌షాట్లను ఉత్తగనే అనుమానించినం. వాల్యూమ్ నింపింది అవి కావు."